ఎవరింటి నీళ్ళు

పోయిన వారం మనం ప్రసన్నకుమారిని మిట్టమధ్యాహ్నపు ఎండలో, చేతిలో చక్రాల సూట్‌కేసుతో, ఇంకా పూర్తికాని ఇంటి ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది.

పద్నాలుగేళ్ళుగా మస్కట్‌లో నర్సు ఉద్యోగం చేస్తూ, ఐరాల పక్కన కొనుక్కున్న స్థలంలో మేనమామ వరదయ్య చేత ఇల్లు కట్టిస్తోంది ప్రసన్న. నెలనెలా డబ్బు పంపడం, ఆయన పంపిన ఫొటోలు చూసుకుని మురిసిపోవడం, ఇదీ వరస. అలాంటిది, ఆమె భర్త ప్రతాప్‌తో పనిచేసే పూతలపట్టు మనిషి ఒకడు ఆ ఫొటోలు చూసి, "ఇది వరదయ్య ఇల్లు గదప్పా, మీదంటావేంది?" అన్నాడు. ప్రతాప్ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ప్రసన్న ఎవరికీ చెప్పకుండా విమానమెక్కింది. చెన్నైలో దిగి, చిత్తూరు దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చి, టీ అంగట్లో మస్కట్ నుంచి వచ్చానంటూ తన పేరు చెప్పి తన ఇంటికి దారి అడిగితే, అలాంటి పేరుగలవాళ్ళ ఇల్లే లేదన్నారు. చివరికి ఫొటోల గుర్తుతో తానే వెతుక్కుంది.

ఇప్పుడు ఆ ఇంటి ముందు ఒక పెద్ద ఫ్లెక్సీ ఉంది. ప్రసన్న దాన్ని చదువుతోంది.

'మా వరదయ్య గారి నూతన గృహం స్లాబు శుభసందర్భంగా, మండీ మిత్రబృందం.' నడిమధ్య మామ ఫొటో, కళ్ళకు నల్లద్దాలు. మామ పుట్టి బుద్ధెరిగి నల్లద్దాలు పెట్టుకోలేదు. ఫ్లెక్సీ కొట్టినవాళ్ళు పెట్టినట్టున్నారు. వేరే రోజైతే ప్రసన్న పడీపడీ నవ్వేది.

ఈలోగా లోపలి నుంచి వరదయ్యే బయటికి వచ్చాడు. సన్నటి మనిషి, భుజాన ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు. చిత్తూరు బెల్లం మండీలో ముప్పయ్యేళ్ళు దళారీ చేసినవాడు. మేనకోడల్ని చూడగానే ఆయన మొహం విచ్చుకుంది, ఆ వెంటనే పాలిపోయింది.

"పాపా! నువ్వా? సెప్పాపెట్టకుండా ఎట్లొచ్చినావు?"

"మామా, ఈ ఫ్లెక్సీ..."

"గట్టిగా మాట్లాడబాక. లోపల మేస్త్రీ ఉండాడు." అంటూనే ఆయన వంగి, సూట్‌కేసు పిడికి చుట్టి ఉన్న విమానం చీటీని చటుక్కున పీకి, నలిపి జేబులో కుక్కుకున్నాడు. అంతలో మేస్త్రీ మునిశేఖర్ తాపీతో సహా గుమ్మంలోకి వచ్చి చూశాడు.

"మా అక్క కూతురప్పా. తిరుచానూరు నుంచి వచ్చింది," అన్నాడు వరదయ్య గొంతు పెంచి.

మస్కట్ నుంచి రెండు రాష్ట్రాలు, ఒక సముద్రం దాటి వచ్చిన ప్రసన్న, తన ఇంటి ముందే తిరుచానూరు నుంచి వచ్చిన చుట్టమైపోయింది. మామ వెనకాలే మెట్లెక్కి మిద్దె మీదకు వెళ్ళింది.

మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నీడలో ఇద్దరూ నిలబడ్డారు. చుట్టూ మామిడి తోటలు, వాటి వెనక చెరుకు మళ్ళు. ఈ పూట వాటిని చూసే ఓపిక ఆమెకు లేదు.

"మామా, ఒక్క మాట అడగతా. సూటిగా చెప్పు. ఈ ఇల్లు ఎవరిది?"

"నీది."

"మరి ఆ ఫ్లెక్సీ?"

"అది నాది."

"ఎగతాళిగా ఉందా నీకు?" అంది ప్రసన్న. "మార్చితో మా కాంట్రాక్టులు ముగిసిపోతాండాయి. ఆడ నర్సు పనులన్నీ ఆ దేశపోళ్ళకే ఇస్తాండారు. మేం తిరిగొస్తే తల దాచుకునేదానికి ఇదొక్కటే ఉండేది. ఆయనేమంటాండాడో తెలుసా? మీ మామ నీ ఇల్లు మింగేసినాడే అంటాండాడు. మా మామ అట్లాటోడు గాదని నేను కొట్లాడి వచ్చినా. వచ్చి చూస్తే నా ఇంటి మీద నీ బొమ్మ!"

వరదయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మండీలో అలవాటైన పద్ధతి అది, ఎదుటివాడి కోపం చల్లారేదాకా మొహం తుడుచుకోవడం. కానీ ఈసారి కళ్ళ దగ్గర తువ్వాలు కాస్త ఎక్కువసేపే ఆగింది.

"కూచో పాపా. సెప్తా. నేను చేసిన తప్పు మొదట ఒకటుండాది. తిరుపతిలో కాంట్రాక్టరు కాడికి పోయినప్పుడు, మా మేనకోడలు మస్కట్‌లో ఉండాదని గొప్పగా సెప్పుకున్నా. అంతవరకు టీ గూడా ఇయ్యనోడు కూల్‌డ్రింకు తెప్పించినాడు. అప్పుడే అనుకున్నా, ఈ కూల్‌డ్రింకు మనకు శానా ప్రియం పడతాదని."

ప్రసన్న నవ్వకూడదని పెదవి బిగించింది.

"అడుక్కి రెండువేల ఆరొందలన్నాడు. మా మండీ గుమాస్తా ఇంటికి అదే మనిషి పంతొమ్మిదొందలకి ఒప్పుకున్నాడు. అదే సిమెంటు, అదే కమ్మి. అదేందప్పా అంటే, 'ఫారిన్ వాళ్ళకు క్వాలిటీ కావాల గదన్నా' అన్నాడు. గుమాస్తాకి క్వాలిటీ అక్కర్లేదా? అక్కణ్ణుంచి లేచి వచ్చేసినా. ఇటుకల బట్టీకి పోతే వాడూ అంతే, ఇసక ట్రాక్టరు వాడూ అంతే. ముందు ఎవురి ఇల్లని అడగతారు, ఆమీట రేటు సెప్తారు. మస్కట్ ఇల్లంటే ఒక రేటు, బెల్లం దళారి ఇల్లంటే ఇంకో రేటు. అందుకే ఊళ్ళోకి వచ్చినాక నోరు మూసుకున్నా. ఎవురడిగినా నాదే అన్నా."

"నాకు చెప్పకుండా?"

"సెప్తే నువ్వు ఒప్పుకుంటావా? నువ్వు ఒప్పుకున్నా నీ మొగుడు ఒప్పుకుంటాడా? పునాది తీసిన రోజే వాట్సాప్ స్టేటస్‌లో 'మా కలల ఇల్లు' అని పెడితివే! దిష్టి తగులుతాది తీసెయ్యమని నేను ఫోను మీద ఫోను చేస్తినా లేదా?"

అది నిజమే. దిష్టి అనగానే హడలిపోయి ఆ రోజే తీసేసింది. మామకు దిష్టి మీద ఇంత నమ్మకం ఎప్పుడు కుదిరిందా అని అప్పట్లో ఆశ్చర్యపోయింది కూడా.

"సరే, ఎంత మిగిల్చినావు?" అంది ప్రసన్న, ఇంకా కోపం నటిస్తూనే.

వరదయ్య మెట్ల వైపు చూశాడు. కింద తాపీల చప్పుడు వినిపిస్తోంది. ఆయన తువ్వాలు తీసి మేనకోడలి చేతి మీద కప్పి, దాని కింద ఆమె వేళ్ళు పట్టుకున్నాడు.

ప్రసన్నకు ఆ పట్టు గుర్తుంది. చిన్నప్పుడు మామతో మండీకి పోయినప్పుడల్లా చూసిన బేరం ఇది. పదిమందిలో ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద వేళ్ళు పట్టి చెబుతారు. అరచేయంతా పట్టి పిడికిలి మూసేశారంటే, ఇంక బేరం లేదు, నువ్వు చెప్పిన ధరే నాకు సమ్మతం అని. అన్నం తింటూ, ఆడుకుంటూ తువ్వాలు కింద లెక్కలు నేర్పాడు మామ. ఇప్పుడాయన ముందు ఐదు వేళ్ళూ పట్టి వదిలాడు. తరవాత నాలుగు పట్టాడు.

"తొమ్మిది లక్షలా?" అంది ప్రసన్న.

"అట్టనే సంతోషపడిపోబాక. ఆ తొమ్మిదీ ఉండి ఉంటే నీకు ఎప్పుడో సెప్పుందును," అన్నాడు వరదయ్య తువ్వాలు భుజాన వేసుకుంటూ. "మొదటి బోరు వెయ్యి అడుగులు పోయి దుమ్ము లేపింది. రెండోదాంట్లో గంగమ్మ తల్లి దయదలిచింది. స్థలం పల్లంలో ఉండాదని నీకు తెలుసు. రోడ్డు ఎత్తుకు లేపేదానికి ఎన్ని ట్రాక్టర్ల మట్టి పోసినామో లెక్కే లేదు. కరెంటు స్తంభం, సంపు, చుట్టూ ప్రహరీ. ద్వారబంధం నాడు మేస్త్రీలకు, వడ్రంగికి కొత్త బట్టలు. స్లాబు నాడు ఏటపోతును కోసి కూలోళ్ళందరికీ భోజనం. ఇయ్యన్నీ నీ మొగుడు గీసుకున్న ఎస్టిమేటులో యాడన్నా ఉండాయా?"

లేవు. ఇల్లంటే గోడలూ పైకప్పూ అనుకుని, మస్కట్‌లో ఏసీ గదిలో కూర్చుని చదరపు అడుగును రేటుతో గుణించి, వచ్చిన దానికి కాస్త కలిపి, ఇంతే కదా అనుకున్నారు ఆలుమగలిద్దరూ. ఆ లెక్కలో నీళ్ళు లేవు, వెలుతురు లేదు, ఇంట్లోకి పోయే దారి కూడా లేదు. మామ అబద్ధమాడి మిగిల్చిన డబ్బంతా ఆ మరిచిపోయిన వాటికి సరిపోయింది. ఆయన నిజమే చెప్పి ఉంటే, స్లాబు దగ్గరే ఇల్లు ఆగిపోయి ఉండేది.

"నీకింకా అనుమానముంటే ఒక మాట సెప్తా," అన్నాడు వరదయ్య కాస్త నొచ్చుకుంటూ. "భూమిపూజ తెల్లారకముందే ఎందుకు పెట్టించినానో తెలుసునా? పొద్దెక్కినాక గూడా మంచి ముహూర్తం ఉన్నింది. అప్పుడైతే ఊరంతా వచ్చి నిలబడతారు. అయ్యవారు గోత్రం, పేరు అడిగితే ఏం సెప్పాల? మనుషుల కాడ అబద్ధమాడినా గానీ దేవుడి కాడ ఆడలేదు పాపా. నీ మొగుడి గోత్రం, మీ ఇద్దరి పేర్లు, మీ పిల్లోడి పేరు, అన్నీ సెప్పించినా. ద్వారబంధం నాడూ అట్లనే. కాగితాలు గూడా అన్నీ నీ పేరు మీదనే ఉండాయి."

ప్రసన్న ఇంక ఆగలేకపోయింది. మామ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ఏడుస్తూనే, "నల్లద్దాలు మాత్రం నీకు బాగలేవు మామా," అంది.

"నేనేం జేసేది? మండీవోళ్ళు ప్రేమగా కట్టినారు. ఇల్లు నాది గాదని సెప్పి పీకమందునా?"

ఇద్దరూ నవ్వుకుంటూ కిందికి దిగారు. ఇప్పుడు ప్రసన్న ఇల్లంతా కళ్ళారా చూసుకుంది. గోడలకు పూత అయిపోయింది. కిటికీలకు రెక్కలు ఇంకా పెట్టలేదు. నేల మీద టైల్స్ రావాలి. వంటింట్లో గట్టు ముందు నిలబడితే, అది సరిగ్గా ఆమె నడుము ఎత్తుకు వచ్చింది. ప్రసన్న పొడగరి. ఏ ఇంట్లో వంట చేసినా వంగి వంగి నడుము పట్టేసేది.

"గట్టు ఎత్తు లేపించినావే?"

"మేస్త్రీ ఒప్పుకోలేదు. 'మీ ఇంటామె పొట్టిగదన్నా, ఆమెకు అందదు' అని ఒకటే పోరు. స్టూలేసుకుంటాదిలే, నువ్వు ఇంకో వరస పెట్టు అన్నా."

ప్రసన్న ఆ గట్టును అరచేత్తో తడిమి చూసుకుంది. ఈ ఇంటి కోసం ఎన్ని రాత్రి డ్యూటీలు చేసిందో, ఎన్ని పండగలు వదులుకుందో ఆమెకు గుర్తుకు రాలేదు. ప్రతాప్‌కు ఫోన్ చేసి, "మా మామను ఒక్క మాటంటే ఊరుకోను," అని చెప్పాలనిపించింది.

ఆ 'ఇంటామె' కుప్పమ్మ సరిగ్గా అప్పుడే క్యారియరు పట్టుకుని వచ్చింది. ప్రసన్నను చూసి, క్యారియరు కింద పెట్టి, కావలించుకుని, బుగ్గలు నిమిరి, చిక్కిపోయావని తిట్టి, ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు గబుక్కున మొగుడి వైపు తిరిగింది.

"సెప్పినావా?"

"సెప్పినా," అన్నాడు వరదయ్య.

"అంతానా?"

వరదయ్య రెక్కలు లేని కిటికీలోంచి బయటి మామిడి చెట్ల వైపు చూడసాగాడు.

"అత్తా, ఇంకా ఏముండాది?" అంది ప్రసన్న.

కుప్పమ్మ నిట్టూర్చి, అక్కడున్న సిమెంటు బస్తా మీద కూలబడింది. "హరికి సంబంధం కుదిరిందమ్మా."

హరినాథ్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మంచివాడు, నెమ్మదస్థుడు, ముప్పై నాలుగేళ్ళవాడు. అయిదేళ్ళుగా సంబంధాలు చూస్తున్నారు. ఎవరు వచ్చినా మొదట అడిగేది సొంతిల్లుందా అని. లేదనగానే మళ్ళీ కబురుండదు. వీళ్ళకు సొంతిల్లు ఎందుకు లేదో ప్రసన్నకు బాగా తెలుసు. ఆమె నర్సింగు చదువు ఫీజు కోసం వరదయ్య బజారు వీధిలో తన వాటా స్థలం అమ్మేశాడు. ఇప్పుడక్కడ ఎవరిదో మూడంతస్తుల మేడ ఉంది. మామ ఆ వీధిలో నడుస్తూ కూడా ఒక్కరోజు ఆ మాట ఎత్తలేదు.

"పూతలపట్టు వాళ్ళు," అంది కుప్పమ్మ. "పిల్ల పేరు మోహన. సచివాలయంలో ఉద్యోగం. బంగారం లాంటి పిల్ల. మూడు వారాల కింద పెద్దోళ్ళు వచ్చినప్పుడు ఊళ్ళో ఎవురో ఈ ఇల్లు చూపిచ్చి, వరదయ్యది అన్నారంట. వాళ్ళు చూసి శానా సంతోషపడిపోయినారు."

"నాదని నేను సెప్పలే," అన్నాడు వరదయ్య కిటికీ దగ్గర్నుంచే. "ఊరు సెప్పింది. కాదని నేను సెప్పలే, అంతే."

"ఆ అంతేనే కొంప ముంచింది! రేపు సెప్తా, ఎల్లుండి సెప్తా అని మూడు వారాలుగా ఇదే పాట. ఇప్పుడు వాళ్ళు బయలుదేరినారు. కొత్తింట్లోనే కూచుంటామన్నారు. ఈ రోజు నీళ్ళు తాగేదానికి వస్తాండారమ్మా!"

ఇక్కడి ఆనవాయితీ ప్రసన్నకు తెలియనిది కాదు. మాట ఖాయమయ్యేదాకా ఆడపిల్లవాళ్ళు మగపిల్లవాడింట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. గొంతెండిపోతున్నా వెంట తెచ్చుకున్న సీసా నీళ్ళే తాగుతారు. ఆ ఇంటి నీళ్ళు తాగారంటే పిల్లనిచ్చినట్టే. తాగాక మాట తప్పితే తలవంపులు.

"వాళ్ళొస్తానే నేనే సెప్పేస్తా," అన్నాడు వరదయ్య. ఆ గొంతులో దమ్ము లేదు. ఎంతటి షావుకారు ముందూ తొణకని మనిషి, ఇప్పుడు తువ్వాలు కొసను వేలికి చుట్టి విప్పుతూ నిలబడ్డాడు.

ప్రసన్న ఆయన్ని చూసింది. ఇల్లు తనదని చెబితే హరి పెళ్ళి పోతుంది. చెప్పకపోతే మార్చిలో భర్తను, పిల్లవాణ్ణి తీసుకుని ఏ ఇంటికి రావాలి? గృహప్రవేశానికి పాలు ఎవరు పొంగించాలి? ఆలోచించేంత సమయం లేదు. బయట కారు హారన్ వినిపించింది.

"మామా, ఈ పూటకి ఇది మీ ఇల్లే," అంది ప్రసన్న గబగబా. "నేను తిరుచానూరు నుంచి వచ్చిన చుట్టాన్ని. ముందు వాళ్ళు నీళ్ళు తాగనీ. తరవాత సంగతి తరవాత చూద్దాం."

"వొద్దు పాపా..."

"అత్తా, కుంకుమ పళ్ళెం తీసుకుని గడప కాడ నిలబడు. ఇంటామె నువ్వే."

కుప్పమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే పళ్ళెం పట్టుకుంది. వరదయ్య మేస్త్రీలను పెరటి పనికి పంపించాడు. ప్రసన్న అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి, చెంబులో నీళ్ళు, గ్లాసులు సర్ది, గోడ వారగా నిలుచుంది. తన ఇంటికి మొదటిసారి వచ్చిన అతిథుల ముందు తాను పరాయిదానిలా నిలబడాల్సి వచ్చినందుకు ఆమెకు నిజంగానే కష్టమనిపించింది. పైకి కనపడనివ్వలేదు.

పెళ్ళికూతురి తండ్రి తిరుమలయ్య ముందు వచ్చాడు. భారీ మనిషి, తెల్ల చొక్కా. ఆయన వెనక ఆయన తల్లి మునెమ్మవ్వ, చేతికర్ర పోటు వేసుకుంటూ వచ్చింది. కుప్పమ్మ కుంకుమ పెట్టింది. తిరుమలయ్య కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ గడప దాటకుండా, అరుగు మీదే చతికిలబడింది.

"ముందు రొంత నీళ్ళియ్యండమ్మా. నీళ్ళు తాగేదానికే గదా వచ్చింది. ఆ మాట అయిపోతే లోపలికొచ్చి నెమ్మదిగా కూచుంటా," అంది నవ్వుతూ.

ప్రసన్న గ్లాసు తెచ్చి ఇచ్చింది. అవ్వ అందుకుంది. వరదయ్య చెప్పబోయి గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే హరినాథ్ బైకు దిగి, స్వీట్ల పొట్లాలతో గేటులోకి వచ్చాడు. గోడ వారన ప్రసన్నను చూసి మొహమంతా నవ్వయ్యాడు.

"వదినా! ఎప్పుడొచ్చినావు? ఫోనన్నా చెయ్యలే! నీ ఇంట్లో నువ్వు ఆ మూల నిలబడినావేంది?"

హరినాథ్ అందరి మొహాలూ చూశాడు. నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"నాయనా," అన్నాడు, "వాళ్ళకు సెప్పేసినా అంటివే. నువ్వింకా సెప్పలేదా?"

అవ్వ పెదవుల దాకా తెచ్చిన గ్లాసు అక్కడే ఆగింది.

"ఏమి సెప్పాల?" అన్నాడు తిరుమలయ్య. ఆయన మొహం మారిపోయింది. "ఏమి వరదయ్యన్నా? ఏమి సెప్పాల?"

"ఉండరా," అంది అవ్వ కొడుకుతో. తల తిప్పి ప్రసన్నను పరీక్షగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. కానీ తప్పించుకోవడానికి దారి కూడా లేదు. "అమ్మాయ్, నువ్వు సెప్పు. ఈ నీళ్ళు ఎవురింటివి?"

ప్రసన్న హరి వైపు చూసింది. ఒక్క అబద్ధం చాలు, అవ్వ నీళ్ళు తాగేస్తుంది, హరికి పెళ్ళవుతుంది. తొమ్మిది లక్షలు మిగిల్చిన అబద్ధానికి అసలు వెల ఇదన్నమాట. ఇది కూడా ఏ ఎస్టిమేటులోనూ రాసుకోలేదు.

అప్పుడు చేతి మీద మెత్తగా ఏదో తగిలింది. ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు. వరదయ్య వచ్చి పక్కనే నిలబడ్డాడు. తువ్వాలు కింద ఆయన చెయ్యి ఆమె చేతిని వెతుక్కుంది. ఒక వేలు కాదు, రెండు వేళ్ళు కాదు. అరచేయంతా పట్టి, పిడికిలి మూసేసి, గట్టిగా నొక్కాడు. ఇంక బేరం లేదు పాపా, నీ మాటే నా మాట అని.

ప్రసన్న ఆ చేతిని వదల్లేదు.

"నాదేనవ్వా," అంది. "ఇల్లు నాది. మస్కట్‌లో ఉండి డబ్బు పంపినాను, అంతే. ఎండలో నిలబడి కట్టింది మా మామ. మస్కట్ వాళ్ళదంటే జనం రెట్టింపు అడగతారని తనదని సెప్పుకున్నాడు. నా కోసం సెప్పిన అబద్ధం అది. మీ కోసం సెప్పింది గాదు."

"మా ముందర గూడా అదే నాటకం ఆడినాడు గదా!" తిరుమలయ్య కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మూడు వారాలు వరదయ్యన్నా! నా బిడ్డ జీవితం! లే అమ్మా, పోదాం. ఆ నీళ్ళు ముట్టుకోబాక."

వరదయ్య రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాదే తిరుమలయ్యా. పిల్లోడికి ఏ పాపం తెలీదు. మీకు సెప్పేసినానని వాడికీ అబద్ధమే సెప్పినా," అన్నాడు. కుప్పమ్మ చేతిలో పళ్ళెం ఒరిగి, కుంకుమ కాస్త గడప మీద ఒలికింది.

అవ్వ లేవలేదు. గ్లాసు కింద పెట్టనూ లేదు.

తిరుమలయ్య జేబులో ఫోన్ మోగింది. చూసి, "మోహన," అన్నాడు చిరాగ్గా.

"స్పీకరు పెట్టరా. నేను గూడా వినాల," అంది అవ్వ.

"నాయనా," అంది అవతలి గొంతు. ఆయాసపడుతోంది, నడుస్తున్నట్టుంది. "అవ్వ నీళ్ళు తాగేసిందా?"

"తాగలేదమ్మా. తాగేది గూడా లేదు. ఈడ పెద్ద మోసం..."

"నాకు తెలుసు. ఆ ఇల్లు ఎవరిదో నాకు మొదట్నుంచీ తెలుసు నాయనా. తెలిసే ఒప్పుకున్నా."

హరినాథ్ చేతిలోని స్వీట్ల పొట్లం ఒకటి జారి కింద పడింది.

"నేను ఐరాలలో బస్సు దిగినా. వస్తాండా."

"నువ్వొస్తావా? మగపిల్లోడింటికి నువ్వు రావడమేంది? ఊరు నవ్వతాది!"

"నవ్వనీ. నేను మాట్లాడాల్సింది నీతో గాదు, వాళ్ళతో గాదు. మస్కట్ నుంచి వచ్చినామె ఉండాదంట గదా, టీ అంగట్లో సెప్పినారు. ఆమెతో. ఆమెను యాడికీ పోనీబాకండి. నేనొచ్చేదాకా ఎవురూ ఏమీ తెంచుకోబాకండి."

ఫోన్ ఆగిపోయింది. అందరి చూపులూ ప్రసన్న మీదికి తిరిగాయి. ఆ పిల్లను ఆమె జన్మలో చూడలేదు. పేరు విని ఇంకా గంట కాలేదు. వరదయ్య ఆమె వైపు, నీకేమైనా తెలుసా అన్నట్టు చూశాడు. ప్రసన్న తల అడ్డంగా ఊపింది.

మునెమ్మవ్వ గ్లాసును గడప పక్కన జాగ్రత్తగా కింద పెట్టింది. దుమ్ము పడకుండా దాని మీద అరచెయ్యి మూతపెట్టి, వీధి మలుపు వైపు చూస్తూ కూర్చుంది.